ఊసరవెల్లి ఊపిరి విన్న డాక్టరు గారు

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమంటే, ఈ రోజు గజపతినగరంలోని నా సోడా కొట్టులో గోళీ కొట్టబడదు, నిమ్మకాయ కోయబడదు, ఈగలు ఎక్కడ వాలినా అడిగేవాడు లేడు. కారణం, మా పశువుల డాక్టరు గారు నిన్న పొద్దున పోయారు.

ఆయనతో నా పరిచయం కొంటెతనంతో మొదలైంది. రెండు రోజులుగా లేవని ఎద్దు ఉందని చెప్పి, మిట్టమధ్యాహ్నం సైకిలు మీద పంపాను. తీరా చూస్తే అది శివాలయంలోని రాతి నంది. చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, సోడా తాగి, తాపీగా అన్నారు: "సూసినానయ్యా. వయసు మీరిపోనాది. ఇంక లెగదు."

మొన్నటి ఎలక్షన్ల యేడు చలికాలంలో నా ఊసరవెల్లికి జబ్బు చేసింది. ఈగల కోసం తెచ్చాను దాన్ని. సీసాల పైన కట్టిన తాడే దాని రాజ్యం. అలాంటిది నోరు తెరిచి, తల పైకెత్తి ఊపిరి లాగుతోంది. మూతి చివర నురగ. లోపల సన్నగా ఈల చప్పుడు. బుట్టలో పెట్టి ఆసుపత్రికి తీసుకెళితే గేదెలతో వచ్చినవాళ్లు నవ్వారు.

"ఈసారి ఏటి మావా, రాతి ఎద్దుకి తమ్ముడా?"

నేను ఏడ్చినా నాటకమనే ఊరు ఇది. అందుకని డాక్టరు గారి చెవిలో చెప్పాను: "ఇదంటే మా పాపకి పేనం బాబూ. రెండు రోజులై అన్నం ముట్టనేదు."

ఆయన నవ్వలేదు. విషమని అందరూ ఆమడ దూరం జరిగే జీవిని పొందూరు ఖద్దరు చొక్కా చేతి మీదికి ఎక్కించుకున్నారు. స్టెతస్కోపు బిళ్ల దాని రొమ్ము కంటే పెద్దది. తీసి పక్కన పెట్టి, చెవే ఆనించి విన్నారు. గేదెలవాళ్ల నవ్వు ఆగిపోయింది.

"జలుబు రొమ్ములోకి దిగినట్టున్నాది. దీనికి మోతాదు ఏ పుస్తకంలోనూ నేదు. నాకూ తెలీదు. తెలీదని ఒప్పుకుని మొదలెడితే తప్పులు తక్కువ సేస్తాం. రాత్రిళ్లు ఎక్కడుంచుతన్నావు?"

"తడి గోనె కింద బాబూ, సోడాల పక్కన."

"సోడాలు సల్లగుండాల. ఇది యెచ్చగుండాల. అన్నీ నీ సరుకే అనుకున్నావేటి?"

కోడిపిల్లల మందును నీళ్లతో పలచన చేసి, చీపురుపుల్ల మొనతో పూటకొక బొట్టు. మందార కొమ్మ మీద పొద్దుటెండ. రోజూ సైకిలు ఆపి, ముందు దాన్ని చూసి, తర్వాత నన్ను అడిగేవారు: "పాప తిన్నాదా?"

"నేదు బాబూ."

ఎనిమిదో రోజు అది నోరు మూసుకుంది. పచ్చబడింది. నాలుక చాపి ఈగను పట్టింది. ఆయన నా డొక్కల కేసి చూసి, "పాపకి ఇయాల అన్నం పెట్టయ్యా, సిక్కిపోనాది," అన్నారు.

ఇప్పుడది మందార కొమ్మ మీద ఎండలో ఉంది. ఒక కాలు గాల్లో ఎత్తి, వెయ్యనా వద్దా అని ఊగుతోంది. నిన్నటి నుంచి నాకు ముద్ద దిగలేదు. అయినా చద్దన్నం గిన్నె పట్టుకుని దాని పక్కన కూర్చున్నాను. ఆయన చెప్పిన మాట తీసెయ్యకూడదు కదా. ఆ మాట పాపకు చెప్పింది అంటారేమో. నాకు పాప లేదు. పెళ్లే కాలేదు. ఆ సంగతి ఆయనకు మొదటి రోజే తెలుసు.