సేటు చదవని ఆఖరి పేజీ

నా దగ్గరున్న ఒక అట్ట ఫైలు తెరిస్తే ఇప్పటికీ ఎండుమిర్చి ఘాటు వస్తుంది. అందులో ఉన్నది మడతలు పడిన ఒకే ఒక కాగితం, నా కథలోని మూడో పేజీ. నా మొదటి పుస్తకం అచ్చు కాకముందే ఆ కథ మా వీధిలో ఇంటింటికీ వెళ్ళింది. పంపినవాడు పటాన్‌చెరులో కిరాణా దుకాణం నడిపిన విశ్వనాథం సేటు. ఆయన పోయి ఏడాది దాటింది.

మా అమ్మ మందుల కంపెనీలో ఊడ్చే పనికి వెళ్ళేది. సామానుకు నన్ను పంపేది. సేటు పాత వారపత్రికలు చింపి పొట్లాలు కట్టేవాడు. ఒకసారి పొట్లం కాగితం చదివి, మర్నాడు వెళ్ళి తర్వాతి పేజీ ఉందా అని అడిగాను. నవ్వాడు. అప్పటినుంచి సీరియల్ ఉన్న పేజీలు నాకోసం పక్కన పెట్టేవాడు. "చదివినంక తెచ్చియ్యి బిడ్డా. పప్పు కట్టాలె" అనేవాడు. ఇంట్లో ఒక్క పుస్తకం లేని నాకు చదువు అలా అలవాటైంది.

పెద్దయ్యాక నేనూ ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో చేరాను. కథలు రాశాను. వాటిని పుస్తకంగా వేస్తానన్న హైదరాబాదు ప్రచురణకర్త, ముందుగా మీ ఊళ్ళో నలుగురికీ తెలియనివ్వండి అన్నారు. ఎలాగో తోచక కథల కట్ట సేటు ముందు పెట్టాను.

"మచ్చు చూపకుంట సరుకెవరన్న కొంటరా? ఒక్క కథ జిరాక్స్ తీయించు. సామానుతోని ఇంటికొకటి ఇస్త" అని, కట్టలోంచి సత్తెమ్మ కథ తీశాడు.

అది తప్ప ఇంకే కథ తీసినా బాగుండుననుకున్నాను. పని పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక, రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరే మనిషి సత్తెమ్మ. నా చిన్నప్పుడు అమ్మ చేసింది అదే. చాలా ఏళ్ళకు పక్కింటామె నోట విన్నాను. అమ్మ పగలంతా ఎక్కడుండేదో ఆ పక్కింటామెకూ తెలియదు. బస్టాండులో కూర్చునేదని నేను ఊహించి రాశాను. అమ్మకు ఆ కథ చూపించే ధైర్యం లేకపోయింది.

సేటు మూడో పేజీ దగ్గర ఆగాడు. "బస్టాండ్‌ల కూసున్నదా?"

"అవును సేటూ."

ఆ పేజీ మళ్ళీ ఒకసారి చూసి కట్టలో పెట్టాడు. నాలుగో పేజీ, అంటే ఆఖరిది, చదవకుండా తిరిగిచ్చాడు. "బుక్కు వచ్చినంక చదువుత. ఇప్పుడే తెలిస్తె ఏం మజా?"

మోకాళ్ళ నొప్పితో అమ్మ దుకాణానికి వెళ్ళడం మానేసింది కదా, ఆమె దాకా రాదులే అనుకుని ఒప్పుకుని, జిరాక్సులు తీయించి ఇచ్చాను. కాని ఏళ్ళ తరబడి కాగితం అందుకోగానే పొట్లం చుట్టిన చేతులు సేటువి. నాలుగు పేజీలూ కలిపి ఇవ్వాల్సింది మరిచి, ఏది చేతికొస్తే దాంట్లో సామాను కట్టేశాడు. రెండు రోజులకు దుకాణం ముందు ఆడవాళ్ళ గొడవ.

"ఏం సేటూ, సత్తెమ్మ ఇంట్ల చెప్పిందా లేదా? నా చక్కెర కాయితం గాడికే అయిపోయింది."

"ఆఖరిది నా కాడుంది. చెప్పాల్నా?"

"నోర్ముయ్యే! ముందుగాల నా కాయితం తీస్కొని నీదియ్యి."

సేటు నన్ను చూసి కనుబొమ్మలెగరేశాడు. "చూసినవా, గిరాకి మొదలైంది."

నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళాను. అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ముందురోజు నేనే చూసుకోకుండా తెచ్చిన మిర్చి పొట్లం విప్పి, కాగితాన్ని మోకాలి మీద సాపు చేస్తోంది. నా చేతిరాతలో ఉన్న మూడో పేజీ. కూడబలుక్కుని చదివేసింది.

"గీ సత్తెమ్మ నేనేనా?"

ఆమె పక్కన కూర్చుని తలూపాను.

"తప్పు రాసినవ్ బిడ్డా. బస్టాండ్‌ల కాదు. సేటు దుకాణం ఎనక అర్రల పప్పుల రాళ్ళు ఏరుకుంట కూసున్న. ఎందుకు పనికి పోలేదని ఒక్కనాడు అడగలే. 'జెర గీ పప్పు చూడమ్మా, నాకు కండ్లు కనవడ్తలేవు' అనేటోడు. గప్పుడు ఆయన కండ్లకేమయింది?"

మర్నాడు సేటును నిలదీశాను. "అన్నేండ్లు నాకు పేజీలిచ్చినవ్. గీ ముచ్చట ఎందుకు చెప్పలే?"

"మీ అమ్మ ముచ్చట నేనెట్ల చెప్త?" అన్నాడు త్రాసు తుడుస్తూ.

ఆఖరి పేజీ మళ్ళీ రాశాను. అందులో వెనక గది వచ్చింది, పప్పు చేట వచ్చింది, కళ్ళు కనబడటం లేదని అబద్ధమాడే దుకాణదారు వచ్చాడు. రాసిన సంగతి ఆయనకు చెప్పాను కాని చూపలేదు. బుక్కు వచ్చాకే చదువుతానన్నాడు కదా. పుస్తకం ఇంకా ప్రెస్సులో ఉండగానే నిద్రలో పోయాడు.

పుస్తకావిష్కరణ ఆ దుకాణం అరుగు మీదే జరిగింది. వీధి ఆడవాళ్ళు తమ తమ పొట్లం కాగితాలతో వచ్చారు. ఆఖరి పేజీ నేను చదివాను. అమ్మ లోపలికి, ఆ వెనక గది తలుపు వైపు చూస్తూ వింది.

ఆ పేజీ ఆయనకు ముందే చూపించాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను. ఇప్పుడు ఏది రాసినా ఒక్కో పేజీని విడిగా తీసి చదువుకుంటాను. ఏ ఇంట్లో, ఎవరు, ఏ పొట్లం విప్పి చదువుతారో తెలియదు. ఆ ఒక్క పేజీలో వాళ్ళ గురించి నేను తప్పు రాయలేదు కదా అని చూసుకుంటాను.