నర్సింలు మాస్టారి చెయ్యి

కింది ఫ్లాట్‌లో వడ్రంగి పని జరుగుతోంది. పొద్దుటి నుంచి చెక్క జిగురు వాసన మెట్లెక్కి వస్తోంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు నర్సింలు మాస్టారు గుర్తొస్తారు. పోయి రెండేళ్లయింది.

అమీర్‌పేటలో మా వీధి చివర ఆయనది దర్జీ దుకాణం. సిరిసిల్ల నేతకారుల ఇంట పుట్టి, నలభై ఏళ్లు ఇక్కడే కోట్లు కుట్టారు. నేను రిటైరైన ఏడాది పంజాగుట్టలో ఒక పాత గిటారు కొన్నాను. తీగలు కట్టే చెక్క ఊడిపోయి ఉంది. దాన్ని ఇంట్లోనే, ఒంటిచేత్తో బాగుచేశానని మా అపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. నేనే చెప్పాను కాబట్టి. నిజానికి నేను చేసింది పాత జిగురును గరుకు కాగితంతో గీకడం. అందులోనూ సగం మాస్టారే గీకారు. దుకాణంలో కుర్చీ విరిగినా, బల్ల ఊడినా ఆయనే అతికించుకునేవారు, అందుకే ఆయన్ని పిలిచాను.

మా భోజనాల బల్ల మీద గిటారును పడుకోబెట్టి, ఆయన పలచగా జిగురు రాసి చెక్కను అతికారు. పైన గుడ్డ మడతపెట్టి, తన పాత బొగ్గుల ఇస్త్రీపెట్టెను బరువుగా ఉంచారు.

"రెండు దినాలు ముట్టకుండ్రి సారు. తీగలు సుత బిగించకుండ్రి."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా మాస్టారూ?"

"చిన్నపిల్లగాడైతే జర భయమన్న ఉంటది."

ఆ సాయంత్రమే బిగించాను. చెక్క టప్పున లేచిపోయింది. గబగబా తీగలు విప్పేసి, చెక్కను దాని చోట ఆనించి, ఇస్త్రీపెట్టెను మళ్లీ పైన పెట్టాను. రెండు రోజుల తర్వాత ఆయన వచ్చి పెట్టె ఎత్తితే చెక్క చేతిలోకొచ్చింది.

"ఏంటి మాస్టారూ, ఇలా అయింది? నేను ముట్టుకోనేలేదు" అన్నాను.

ఆయన తన వేళ్లకేసి చాలాసేపు చూసుకున్నారు. "చెయ్యి తప్పింది సారు" అని ఇస్త్రీపెట్టె పట్టుకుని వెళ్లిపోయారు.

వారం తర్వాత చొక్కా గుండీ ఊడిందని దుకాణానికి వెళ్లాను. ఎవరో కొడుకు పెళ్లికోటు కోసం గుడ్డ తెచ్చారు. మాస్టారు దాన్ని మడిచి తిరిగి ఇచ్చేస్తున్నారు.

"గీ చేతులు మునుపటి లెక్క లేవు భాయ్. పెండ్లి గుడ్డ ఖరాబైతది. వేరే తాన కుట్టించుకో."

ఒక్క క్షణం వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. కానీ గుమ్మమెక్కి లోపలికి వెళ్లాను.

"ఆ గుడ్డ తీసుకోండి మాస్టారూ. గిటారు చెక్క మీ చేతివల్ల ఊడలేదు. ఆ సాయంత్రమే నేను తీగలు బిగించాను."

ఆయన మెడలోని టేపు తీసి, చుట్టి, విప్పి, మళ్లీ మెడలో వేసుకున్నారు.

"వారం సంది సూదిల దారం ఎక్కియ్యాలంటె భయమైతుండె సారు నాకు" అన్నారు మెల్లగా. తర్వాత గుడ్డ కోసం చెయ్యి చాపారు. "ఇటియ్యి భాయ్. పెండ్లి ఎన్నడు?"

నేను గుమ్మం దిగుతుంటే వెనకనుంచి పిలిచారు. "సారు, గిటారు మళ్ల అతికిస్త. తీగలు మాత్రం మీకియ్య. ఎండినంక మీ ఇంట్ల అమ్మగారి చేతికే ఇస్త."

రెండోసారి అతికిన చెక్క ఇప్పటికీ కదల్లేదు.

అప్పటి నుంచి, నా వల్ల ఏది చెడినా వెంటనే ఒప్పుకుంటున్నాను. వెంటనే అని రాశాను గానీ, ఇంకా ఒక పూట పడుతోంది. ఆ పూటంతా, ఎక్కడో ఎవరో తన చేతుల్ని తానే అనుమానంగా చూసుకుంటున్నట్టు ఉంటుంది. కూర్చోలేక, లేచి వెళ్లి చెప్పేస్తాను.