సవరించి సమర్పించవలెను

ఉదయం పదకొండూ ఇరవైకి ఒకతను నేను సంతకం చేసిన లేఖనే నా టేబుల్ మీద పెట్టి, చదివి అర్థం చెప్పమన్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. కువైట్‌లో డ్రైవరు. ప్రొద్దుటూరులో ఇల్లు కట్టుకోవడానికి ప్లాను పెట్టుకుంటే రెండుసార్లు తిప్పి పంపాను.

"లీవు ఇంగ తొమ్మిది రోజులే ఉండాది సార్. పునాది నా చేత్తో ఏసి పోదామనుకుంటి. దీంట్లో ఏం రాసినారో నాకూ తెలీలే, ప్లాను గీసినాయనకూ తెలీలే."

లేఖలో ఉన్నది ఒక్క వాక్యం. 'ఉత్తరం వైపు సెట్‌బ్యాక్ నిబంధనల మేరకు సవరించి సమర్పించవలెను.' పైకి చదివాను. మా ఆవిడ పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో నేను ఒక్క లేఖ కూడా పైకి చదవలేదు.

ప్రొద్దుటూరు మున్సిపాలిటీలో ఇళ్ల ప్లాన్లు పరిశీలించడం నా ఉద్యోగం. కాపురం జమ్మలమడుగులో. ఒక్కో ఫైలు మూడు నాలుగుసార్లు తిరుగుతోందని, ఆలస్యం తగ్గించమని పైనుంచి అడుగుతుండేవాళ్లు. రిజిస్టర్లు మార్చాం, కొత్త స్టాంపులు చేయించాం. తగ్గలేదు. ఒకరోజు ఒక లేఖ పూర్తికాక ఇంటికి తెచ్చాను. మా ఆవిడ చిక్కుళ్లు ఒలుస్తూ చదవమంది. ఆమెది పులివెందుల. ఏడో తరగతితో బడి మానేసింది.

"ఇంతకీ కట్టుకోమంటాండావా, వద్దంటాండావా?" అంది.

"సవరించమన్నాను కదా."

"ఏంది సవరించాల? యాడ? ఇది చూస్తే నేను మళ్లా మీ ఆఫీసుకే వస్తా. మీ మొగాలు చూడాలని కాదులే."

తిరగరాశాను. మళ్లీ ఏదో అడిగింది. "సరే, గీయించుకోనొస్తా పో" అనేదాకా రాశాను. ఆ తర్వాత ఏడేళ్లు రోజూ అదే పని. ఆమె ఇంటి యజమాని, నేను ఆఫీసు. ఒకసారి తిరిగిన ఫైలు మళ్లీ తిరగడం బాగా తగ్గింది. కొత్త రిజిస్టర్ల వల్లేనని పైవాళ్లు మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.

ఆ రోజు కువైట్ అతనికి పెన్సిల్‌తో గీసి చూపించాను. ఉత్తరాన, ఇంటి ముందున్న రోడ్డు రేపెప్పుడో వెడల్పు చేస్తారు. సెట్‌బ్యాక్ అంటే రోడ్డుకీ ఇంటికీ మధ్య వదలాల్సిన ఖాళీ; దాన్ని కొలవాల్సింది ఇప్పటి అంచు నుంచి కాదు, ఆ రాబోయే అంచు నుంచి. రెండుసార్లూ అతను ఇప్పటి అంచు నుంచే కొలిపించాడు.

"ఇంతేనా సార్? ఈ మాట రాసేదానికేం పాయ?"

మర్నాడే ప్లాను సరిచేయించి తెచ్చాడు. ఫైలు నేనే చేత్తో పట్టుకుని టేబుల్ టేబుల్‌కీ తిరిగాను. చివరి సంతకం పెట్టాల్సిన ఆయన శిక్షణకు వెళ్లి ఉన్నాడు. అనుమతి వచ్చేసరికి అతను విమానమెక్కి రెండు రోజులైంది. కాగితం తీసుకోవడానికి వాళ్లమ్మ వచ్చింది.

"పునాది ఫోన్‌లో చూస్తాడంటప్పా మావోడు. యాడ సంతకం పెట్టాల?" అంది. నిష్ఠూరం ఏమీ ఆడలేదు. చోటు చూపించాను.

ఆ సాయంత్రం పంపాల్సిన లేఖలు ఇంటికి తీసుకెళ్లి, ఒక్కొక్కటే పైకి చదువుకున్నాను. అడిగే మనిషి లేకపోయేసరికి నాకు అన్నీ అర్థమైనట్టే ఉన్నాయి. ఏం మార్చాలో తోచలేదు. మర్నాడు అలాగే పంపాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు అంతా ఆన్‌లైన్ అయింది. ప్లాను ఎక్కించిన రోజే ఏ వైపు ఎన్ని అడుగులు తక్కువో కంప్యూటరు ఎర్ర గీతతో చూపిస్తుంది. మనిషి ఆఫీసుకు రానక్కర్లేదు. అప్పుడే ఇది ఉంటే కువైట్ అతను పునాది వేసుకునే వెళ్లేవాడు. ఆ మాట నేను ఒప్పుకుంటాను.

మా సెక్షన్‌లో ఇప్పుడు లేఖలు రాయడం లేదు.