పూలు లేని కొప్పు

అక్క పోయిందని తెల్లవారగానే ఫోన్ వచ్చింది. ఆసుపత్రిలో చేరినప్పుడు మామూలు జ్వరమే అన్నారు. నాకింకా ఆమె మీద కోపం తగ్గలేదు.

దివిసీమ మడ అడవుల్లో చేపలు పట్టి తినే నీటిపిల్లుల కోసం కెమెరాలు కట్టే పనిలో ఆమె నాకు పై మనిషి, అక్కా అనే పిలిచేవాణ్ని. ఎదురుగా ఏది కదిలినా ఆ కెమెరా దానంతటదే ఫొటో తీస్తుంది. కానీ దానికి మనిషి వాసన అంటితే పిల్లి దారి మార్చేస్తుంది.

పనిలో చేరిన రోజు నా వాసన తెలియకూడదని చొక్కాకి చేపల నీళ్లు పూసుకెళ్లాను. రొయ్యల చెరువు కుక్కలు గట్టు పొడుగునా తరిమాయి.

“పిల్లిని చూద్దామని వచ్చావా తమ్ముడూ, దానికి కూరవుదామనా?” అంది అక్క. నన్ను కాలవలో ముంచి, నా చేతిలో కుంకుడు రసం పోసింది. “వాసన మీద వాసన పూస్తే రెండు వాసనలవుతాయి. బట్టలు ఎండలో ఆరేసుకో. చేతులకి తొడుగులేసుకో. పనైతే వచ్చెయ్.”

చల్లని మనిషి అంటున్నారు అందరూ. కాదు, మొండిది. మల్లెపూలు లేకుండా వీధిలోకి రాని మనిషి, కెమెరా పనికి మాత్రం పూలు, కొబ్బరినూనె, పౌడరు అన్నీ మానేసి వచ్చేది. సెంటు కొట్టుకొచ్చిన పెద్దమనుషుల్ని గట్టు మీదే ఆపేసేది. “మీరు తర్వాత ఫొటోలు చూద్దురుగాని అండీ.” నేనైతే తిట్టేవాణ్ని.

ఇంకో రొయ్యల చెరువు తవ్వడానికి కాలవ పక్కన జమ్ముగడ్డి కొట్టేస్తామన్నాడు ఆ నేల ఆసామి. పిల్లి తిరుగుతున్నట్టు ఫొటో చూపిస్తే ఆపుతానన్నాడు. ఆ జమ్ములో కెమెరా అక్కే కట్టింది. మధ్యలో ఓసారి చూసొస్తానని నేనంటే ఒప్పుకోలేదు.

“నువ్వెళ్తే అందులో నువ్వే ఉంటావు.”

దాని మీదే ఇద్దరం గొడవపడ్డాం. తర్వాత ఆమె ఆసుపత్రిలో చేరింది.

సాగనంపేటప్పుడు కొప్పు నిండా మల్లెలు పెట్టారు. చుట్టూ సాంబ్రాణి పొగ. ఆ వాసనతో నేను కెమెరా దగ్గరికి పోలేను. కుంకుడు రసంతో తల రుద్దుకుని, చొక్కా ఉతికి, ఎండే దాకా దాని పక్కనే కూర్చున్నాను. అప్పుడు బయల్దేరాను.

మొదటి ఫొటోలో అక్క ఉంది. కెమెరా కట్టేసి వెనక్కి తిరిగి వెళ్తోంది. కొప్పులో పూలు లేవు. తర్వాత గాలికి ఊగిన జమ్ము. ఆ తర్వాత పిల్లి, వెనక దాని కూన.

ఆసామి ఇక ఆ జమ్ము ముట్టుకోలేడు. అయినా పిల్లి మీద కోపమొచ్చింది. ఆగలేదు, వాసన చూడలేదు. బురదలో అక్క రబ్బరు బూటు ముద్ర మీదే కాలు పెట్టి, అటుగా ఎవరూ రానట్టే నడిచిపోయింది.