సెలయేరు చూపించబోయిన దినం

ఇప్పుడంటే తరగతిలో పిల్లోడు లేచి ఏదైనా పదానికి అర్థం అడిగితే ‘పుస్తకం వెనకాల ఉండాది, చూసుకోప్పా’ అని కుర్చీలో వెనక్కి వాలిపోతాండాను గానీ, ఆ రోజుల్లో నేను అట్లాంటోణ్ణి కాదు. ఆ రోజుల్లో మోకాళ్ళు నొయ్యవు, గొంతు పోదు, మధ్యాహ్నం బువ్వ తిన్నాక కండ్లు మూతలు పడవు. ఒక్క మాట పిల్లోళ్ళ తలకెక్కుతాదంటే గోడ ఎక్కమన్నా ఎక్కేవాణ్ణి. (ఒకసారి ఎక్కినాను కూడా, ‘ప్రహరీ’ అనే పదం కోసం. దిగేటప్పుడు ప్యాంటు చినిగింది. ఆ కథ ఇప్పుడొద్దు.) ఆ హుషారు యాడికి పోయిందో తెలీదు. వెతుకుదామంటే దానికీ ఓపిక లేదు.

అప్పుడు నేను విద్యా వాలంటీరును. అంటే పని అయ్యవారిది, నమ్మకం కూలివాడిది, ఏ యేటికాయేడు కొనసాగిస్తే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. శింగనమలలో బస్సు దిగి, ఇంగా దూరం ఎవరి బండి వెనకాలైనా కూర్చొని పోవాల్సిన పల్లె. రెండు గదుల బడి. పెద్దసారు, నేను, మధ్యాహ్నం వండిపెట్టే వంటక్క, అంతే సిబ్బంది. వచ్చే యేడు నేను ఉండేదీ ఊడేదీ మండల విద్యాధికారి వచ్చి చూసి రాసిపోయే ఒక్క కాగితం మీద ఉండె. ఆయన గురువారం వస్తాడనీ, పిల్లోళ్ళను పదాలకు అర్థాలు అడుగుతాడనీ, అంతకంటే ముఖ్యంగా వేళకు అన్నం పెడుతున్నారా లేదా చూస్తాడనీ పెద్దసారు వారం ముందే హెచ్చరించినాడు. పామిడిలో మా నాయనకు ఆ సంగతి చెప్తే ‘ఇదన్నా నిలబెట్టుకో’ అన్నాడు. అప్పటికే నేను రెండు పనులు పోగొట్టుకొని ఇంట్లో కూర్చొని లేచినవాణ్ణి. ఆ ‘అన్నా’ బాగానే గుచ్చుకుంది.

ఐదో తరగతిలో నది మీద ఒక పాఠం ఉండె. చివర్లో పదాల పట్టీ: ఊట, సెలయేరు, వాగు, ఉపనది, సంగమం, వరద. పిల్లోళ్ళు అర్థాలు గడగడా అప్పజెప్తారు. సెలయేరు అంటే ఏమిరా అంటే ‘చిన్న నది సార్’. సరే, నది అంటే? ‘పెద్ద సెలయేరు సార్’. గానుగెద్దు మాదిరి ఆడాడే తిరుగుతాంటారు. వాళ్ళను అని ఏం లాభం? ఆ ఊరి వంకలో వాళ్ళు పుట్టినాక నీళ్ళు పారింది రెండు తూర్లో మూడు తూర్లో. అది కూడా రాత్రి వచ్చి, తెల్లారేసరికి ఇసుక మిగిల్చి పోయింది. వాళ్ళు ఎరిగిన నీళ్ళు ట్యాంకరులో వస్తాయి, బిందెలో ఉంటాయి, చెంబుతో అయిపోతాయి. శిక్షణలో మాకు ‘వస్తువును చూపించి పదం చెప్పండి’ అని పదేపదే చెప్పినారు. పలకను చూపించి పలక అన్నాను, మేకను చూపించి మేక అన్నాను (మేక నా హాజరు పట్టీలో ఒక పేజీ తినింది). సెలయేటిని యాడనుంచి పట్టుకొచ్చేది?

గురువారం పొద్దున పెద్దసారు అధికారిని పిలుచుకొని రాను బండేసుకొని రోడ్డుకు పోయినాడు. నాకు ఒక ఆలోచన వచ్చింది. అదే నా ఖర్మ. మా బడి గడ్డ మీద ఉండె. ముందర నుంచి నేల వాలుగా దిగి వంటక్క రేకుల కొట్టం దాకా పోతాది. గోడ పక్కన నీలం రంగు నీళ్ళ డ్రమ్ము. ట్యాంకరు దినం మార్చి దినం వస్తాది. ముందు దినమే నింపి పోయినాడు, మళ్ళీ శుక్రవారమే. రెండు దినాల వంటకూ తాగేదానికీ ఆ డ్రమ్మే ఆధారం. ఒక్క బిందె తీసుకుంటే ఎవరికి తెలుస్తాది అనుకొన్నాను. ఐదో తరగతిని బయటికి తోలి, పారతో వాలు వెంబడి సన్నని కాలువ గీసినాను. పక్కనుంచి ఇంకో గీత వచ్చి కలిసేచోట సంగమం. అటూ ఇటూ రాళ్ళు పెట్టి ఊర్లన్నాను. పిల్లోళ్ళు నోర్లు తెరుచుకొని చూస్తాండారు. ‘ఇప్పుడు సెలయేరు చూస్తారు’ అని బిందె వంచినాను.

నీళ్ళు జానెడు దూరం పోయి మాయమైనాయి. మన నేల గుణం నాకు తెలీనిది కాదు. కానీ తెలిసిన సంగతి ఆ పూట గుర్తుకు రాకపాయె. రెండో బిందె పోసినాను, మూరెడు పోయింది. మూడోది ఇంకొంచెం. ‘సార్, ఇంకిపోతాండాయి’ అని ఒక పాప చెప్పింది. తిరుపతిలో గుండు కొట్టించుకొని అప్పుడప్పుడే జుట్టు మొలుస్తాన్న పాప. అందరూ గుండుపాప అనేవాళ్ళు. నాకు రోషం వచ్చింది. అధికారి వచ్చే దినం, పట్టీలో ఆరు పదాలు, నేనింకా ఒకటో రెండో పదం దగ్గరే బురద చేసుకుంటాండాను. నాలుగు, ఐదు, ఆరు. సంగమం ఇంకా అంత దూరంలోనే ఉండె. ఇంగ బిందెలతో ఏమవుతాదని, రెండు చేతులతో డ్రమ్మును పట్టుకొని వంచినాను. కొంచెం వంచి నిలుపుదామనే నా ఉద్దేశం. సగం నీళ్ళున్న డ్రమ్ము మన ఉద్దేశాలు వినదు.

అప్పుడు పారింది చూడండి. కాలువ తెగింది, ఊర్లు మునిగినాయి, సంగమం యాడుందో దేవునికే ఎరుక. నేను పార పైకెత్తి ‘వరద, ఇదే వరద’ అని ఉపన్యాసం మొదలుపెట్టినాను. ఒక్కడన్నా వింటే ఒట్టు. పిల్లోళ్ళంతా ఒక్కసారిగా నీళ్ళ మీద పడినారు. ఆటకు కాదు, పట్టుకొనేదానికి. ఇద్దరు మట్టితో కట్ట వేస్తాండారు. కొందరు అన్నం ప్లేట్లు తెచ్చి ఎత్తుకుంటాండారు. ఒకడు చొక్కా విప్పి అడ్డం పరిచినాడు. ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు. ఇంట్లో పాలు పొంగిపోతాంటే అమ్మ ఎట్ల ఉరుకుతాదో అట్ల ఉరికినారు. నేను వాళ్ళకు నీళ్ళ మాట నేర్పను వచ్చినాను. నీళ్ళంటే ఏమిటో వాళ్ళకే నాకంటే బాగా తెలుసనేది ఆ పూట నా బుర్రకు ఎక్కలేదు.

వరద నేరుగా కొట్టంలోకి పోయింది. మూడు రాళ్ళ పొయ్యి కింద భగభగ మండుతాన్న కందికంప చుయ్యిమని ఆరిపోయింది. వంటక్క బయటికొచ్చింది. నన్ను చూసింది, పారను చూసింది, పక్కకు పడి ఉన్న డ్రమ్మును చూసింది. ఆమె అరిచే మనిషి. ఆ దినం అరవలేదు, అందుకే నాకు ఎక్కువ భయమైంది.

‘నీళ్ళు పాయె, మంట పాయె’ అనింది. ‘ఇంగ నువ్వూ పో సారూ.’

పోవాల్సి వచ్చేటట్టే ఉండె. పదిన్నరయింది. పప్పుకు ఎసరు లేదు, బియ్యం కడిగేదానికి నీళ్ళు లేవు, అధికారి ఒంటి గంటకల్లా వచ్చి కూర్చుంటాడు. ఆయన వచ్చేసరికి నలభై మంది ఖాళీ ప్లేట్లతో ఉంటే నా కాగితం మీద ఏం రాస్తాడో చెప్పేదానికి చదువు అక్కరలేదు. అందులో శానామంది ఇండ్లలో పొద్దున పొయ్యి వెలిగించరు, అమ్మా నాయనా తెల్లారకముందే కూలికి పోతారు. ఆ బువ్వే వాళ్ళకు మొదటి బువ్వ. నేను పడిపోయిన డ్రమ్మును లేపి నిలబెడతాండాను. వంటక్క మాత్రం కొంగు దోపుకొని, ఇంటికొక చెంబు తెమ్మని పిల్లోళ్ళను ఊర్లోకి తోలింది. నా చేతిలో బిందె పెట్టి, నువ్వు రెండు వీధులు తిరిగి రా అనింది.

ఆ రెండు వీధులు నేను ఎట్ల తిరిగినానో నాకే తెలుసు. ట్యాంకరు వచ్చి ఒక దినం దాటిన ఊర్లో, వాకిట్లో నిలబడి నీళ్ళడిగేదానికంటే నగలడిగేది సులభం. ప్రతి ఇంటి దగ్గరా ‘ఏమాయె సారూ, డ్రమ్ము ఓటి పడిందా?’ అని అడుగుతారు. నేను నోరు తెరిచే లోపల నా వెనకాలే వస్తాన్న గుండుపాప మొదటి నుంచి మొదలుపెట్టి జరిగిందంతా వివరంగా చెప్తాది. ఎన్ని బిందెలో కూడా చెప్తాది. (జ్ఞాపకశక్తి ఉన్న పిల్లలు అయ్యవారికి అన్నివేళలా వరం కాదు.) ఒక అవ్వ అంతా విని, లోపలికి పోయి, తన స్నానానికని మూత పెట్టుకొన్న నీళ్ళు తెచ్చి నా బిందెలో పోసింది. ‘సదువుకు ఇన్ని నీళ్ళు పడతాయని నాకు తెలీకపాయె నాయనా’ అనింది. ఎగతాళికి కాదు, నిజంగానే అనింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

పన్నెండు కొట్టేసరికి పొయ్యి మళ్ళీ అంటుకుంది. ఒంటి గంటకు అధికారి దిగినాడు. అన్నం ఇంకా ఉడుకుతాండాది. ఆలస్యమేమని అడిగితే, వంటక్క గరిటె తిప్పుతా తిప్పుతా, కట్టెలు తేమగా ఉండాయి సార్ అనింది. అది అబద్ధమూ కాదు. ఆ తల్లికి మనసులోనే దండం పెట్టుకొన్నాను. బువ్వ అయ్యేలోపల పిల్లోళ్ళను చూస్తానని అధికారి తరగతిలోకి వచ్చినాడు. పాఠం తెరిచి, అంతమందిలో గుండుపాపనే లేపినాడు. సెలయేరు అంటే ఏమని అడిగినాడు.

‘సన్నగా పారే నీళ్ళు సార్’ అనింది ఆ పాప. ‘ఆరు బిందెలు పోసినా దూరం పోదు, నేల తాగేస్తాది. డ్రమ్ము వంచితే వరద. వరద వస్తే ఊర్లు పోతాయి, పొయ్యి ఆరిపోతాది, బువ్వ లేటవుతాది. అప్పుడు సారు ఇండ్లకాడికి పోయి నీళ్ళడుక్కుంటాడు.’

పెద్దసారు కిటికీలోంచి బయట ఏదో ముఖ్యమైనది చూస్తాన్నట్టు నిలబడినాడు. అధికారి పుస్తకం మూసినాడు. బయటికి పోయి, ఎండి పగులుతాన్న నా కాలువ వెంబడి కొట్టం దాకా నిదానంగా నడిచి, తిరిగి వచ్చినాడు. నేను మనసులో పామిడి బస్సు ఎక్కేసినాను. మా నాయనకు ఏం చెప్పాలో కూడా కూడబలుక్కున్నాను. రెండింటికి పిల్లోళ్ళతోపాటే కూర్చొని ఆయన బువ్వ తిన్నాడు. పప్పులో బద్ద ఉడకలేదు, ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చెయ్యి కడుక్కునేదానికి అరగ్లాసు నీళ్ళే వాడినాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచినాడు.

‘ఏమప్పా, ఈ మండలంలో ఇట్ల అర్థం చెప్పిన బిడ్డను నేను చూడలేదు’ అన్నాడు. ‘నిన్ను తీసేయమని రాయను. కానీ ఇట్లాంటి పనులు మళ్ళీ చెయ్యనని మాటియ్యి.’

ఇచ్చేసినాను. ఆలోచించను కూడా లేదు, చెయ్యి పట్టుకొని మరీ ఇచ్చినాను. ఆ యేడు నన్ను కొనసాగించినారు, ఆ తర్వాత పరీక్ష రాసి పర్మనెంటు అయినాను. మా నాయన పామిడిలో నలుగురికీ చెప్పుకొన్నాడు. ఇన్నేండ్లలో ఎందరు అధికారులు వచ్చి పోయినా నా మీద ఒక్క మాట రాయలేదు. ఏం రాస్తారు? వేళకు బువ్వ పడతాది, పదాలకు అర్థాలు అందరూ ఒకే గొంతుతో చెప్తారు. అయినా ఒక్కోసారి, తరగతి అంతా నిద్రమొహాలతో నన్ను చూస్తాన్నప్పుడు, పార పైకెత్తి అరిచిన ఆ పిచ్చోడు గుర్తుకొచ్చి నవ్వొస్తాది. నా బతుకులో నేను ఎన్నో మాటలిచ్చి తప్పినాను. ఆ అధికారికి ఇచ్చిన మాట ఒక్కటీ తప్పకుండా నిలబెట్టుకొన్నాను. తప్పి ఉంటే బాగుండునని ఇప్పుడు అనిపిస్తాది.