కత్తికి కట్టిన తాడు

మొన్న మోండా మార్కెట్‌లో ఒక దుకాణంలో, పిడికి తాడు కట్టిన కత్తిని చూడగానే నా పాత చిరాకు మళ్ళీ లేచింది.

నా చిన్నప్పుడు బోయిన్‌పల్లిలో మా ఇంటి రేకుల మీదికి వేపకొమ్మ ఒకటి వాలింది. దాన్ని కొట్టడానికి నాన్న నిచ్చెన ఎక్కబోతుంటే, అమ్మ కత్తి పిడికి తాడు కట్టి ఆయన మణికట్టుకు ముడి వేసింది. నేను పారేసుకుంటానని నా పెన్సిల్ రబ్బరును కూడా అలాగే మెడలో కట్టేది. నాన్నకూ అదే శిక్ష వేసిందనుకుని నాకు ఒళ్ళు మండింది.

"ఏందే గిది? చేతికి అడ్డమొస్తది," అని నాన్న విసుక్కున్నాడు.

"జారితే కింద పడ్తది. జెర నా మాట విను," అంది అమ్మ.

ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నాక నాన్న ఎక్కాడు. కాసేపటికే కత్తి చేయి జారింది. కింద పడలేదు గానీ, తాడుకు వేలాడి ఊగుతూ ఆయన మోకాలిని కోసింది.

"నీ తాడు వల్లనే!" అని అమ్మ మీద అరిచాను.

నాన్న కుంటుతూ దిగి, "ఊకో బిడ్డా. నువ్వు సరిగ్గా నా కిందనే నిలబడ్డవు," అన్నాడు.

ఆ తాడు నా కోసమేనని తర్వాతెప్పుడో అర్థమైంది. అయినా చిరాకు పోలేదు. అంతసేపు వాదించుకున్న ఇద్దరిలో ఒక్కరైనా నన్ను పక్కకు జరగమని ఎందుకు అనలేదు?