సూర్యావతి కోడిపిల్ల

నది అవతలి దలా నుంచి రంగూన్ వచ్చే పడవలో నా పక్కన కూర్చున్న సూర్యావతి ఒళ్లో బుట్ట, బుట్టలో రెండు నెలల కోడిపిల్ల. పుంజైతే అమ్మవారికి కోస్తామని మొక్కు, పెట్టయితే ఇంట్లోనే ఉంటుంది. రంగూన్‌లో బోటాటౌంగ్ పేటలో ఉండే అత్తగారు తెచ్చి చూపించమందట.

"ఊళ్లన్నీ తిరిగినోరు, ఇదేటో సూసి సెప్పండి బాబూ."

జపానువాళ్లు ఒక్కరోజు పిల్లను తోక కింద చూసి చెప్పేస్తారని ఎక్కడో చదివాను. ఇంత ఎదిగినదాని సంగతి మాత్రం చదవలేదు. తలమీద జుట్టు ఎర్రబడింది, నడుం మీది ఈకలు కొసదేరాయి.

"పుంజులాగే ఉందమ్మా."

"మీ కళ్లకి మసకలెండి. నా సేతిలో గింజలు ఎంత నెమ్మదిగా తింటాదో!"

పడవ రేవుకు తగిలిన కుదుపుకు కోడిపిల్ల మెడ సాచి జీరగా కూసింది.

"నీ ఆడపిల్ల గొంతు బొంగురుపోయిందే, సూరీ!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

సూర్యావతి బుట్ట మీద కొంగు కప్పి, నావైపైనా చూడకుండా, దలాకు తిరిగివెళ్లే జనంలో కలిసి వెళ్లిపోయింది.